మేకు కొట్టనిచ్చిన ఊరు

ఫొటో ఫ్రేముల మేస్త్రి ఏ ఊరి మంచిచెడ్డలైనా మేకుతోనే తేలుస్తాడు. అద్దెకుండటానికి ఏ ఊరు మేలని ఎవరడిగినా చెవి మీది పెన్సిల్ తీసి, గోడని పొడిచి మరీ చెబుతాడు. "మొదటి ఊళ్లో గోడలు వెన్నముద్దలు, ఓనర్లే రాళ్లు. రెండో ఊళ్లో ఒక్క మేకుకి ఒప్పుకున్నారు, అదీ వంటింట్లో. మూడో ఊళ్లో సుత్తి చప్పుడైతే చాలు, మేడ మీంచి ఓనరు ఊడిపడేవాడు." ఊళ్లో అందరి ఫొటోలూ గోడకెక్కించే ఆ మనిషి ఇంట్లో పెళ్లిఫొటో మాత్రం ముప్ఫయ్యేళ్లుగా ట్రంకుపెట్టె మీదే చేరగిలబడి ఉంది.

మొన్న ఈ నాలుగో ఊళ్లో అద్దెింట్లో దిగిన రోజు ఓనరమ్మ తాళాలిస్తూ, "మేకులు మీ ఇష్టం బాబాయ్, కొట్టుకోండి" అంది. ఆయన చాలాసేపు గోడని అరచేత్తో తడిమి, కిటికీ పక్కన చోటు చూసుకుని మూడు దెబ్బలు వేశాడు. అలవాటు కొద్దీ మొగుడూ పెళ్లాం ఇద్దరూ తలుపు వైపు చూశారు. ఎవరూ రాలేదు. ఫొటో తగిలించాక, కొంగుతో అద్దం తుడుస్తూ ఆవిడ, "మొత్తానికి మంచి ఊరికొచ్చాం" అంది. ఆయన ఫొటోలోని నల్లజుట్టు కుర్రాణ్ణీ, పక్కన సిగ్గుపడుతున్న పిల్లనీ చూస్తూ నిలబడ్డాడు.

"మనం వచ్చాంలే," అన్నాడు. "వీళ్లిద్దరే, పాపం, రాలేకపోయారు."