సుక్రి ఇంటికొచ్చిన పరాసు దొర

పోయిన వారం సాలూరులో ఓ బైండింగు కొట్టు ముందు ఆటో కోసం నిలబడి ఉంటే, మైదా జిగురులో మైలుతుత్తం వేసి ఉడికిస్తున్న వాసన వచ్చింది. పులిసిన గంజిలో రాగిచెంబు నానబెట్టినట్టుండే ఆ వాసన మా నాన్న చేతులది. కళ్ళు చెమరుస్తాయేమోనని కాసేపు చూశాను. చెమర్చలేదు. ఆటో వచ్చింది, ఎక్కాను.

నాన్న పాచిపెంట పైనున్న ఓ కొండ ఊరి బడిలో మాస్టారు. ఆ బడి బీరువాలో చెదలు మిగిల్చిన ఆస్తి ఒక లావుపాటి ఇంగ్లీషు విజ్ఞాన సర్వస్వం, అది కూడా ఒకే ఒక్క సంపుటం. వానాకాలం మధ్యాహ్నాలు, చూరునుంచి ధారలు కారుతుంటే, పొయ్యిమీద పనసగింజలు కాలి చిటపటమంటుంటే, నాన్న వసారాలో కూర్చుని ఈతాకు కుంచెతో ఆ పుస్తకానికి పేజీ పేజీకీ జిగురు పూసేవాడు. తడి పేజీలు ఒకదానికొకటి అంటుకోకుండా పట్టుకుని కూర్చోవడం నా ఉద్యోగం. ఆ పేజీల్లో ఒకదాని మీద ముగ్గురు పరాసు దేశపు, అంటే ఫ్రాన్సు, మగాళ్ళు ఉండేవారు. ముగ్గురి ఇంటిపేరూ ఒక్కటే, వల్మోర్. మొదటివాడు బొమ్మలు గీశాడనీ, రెండోవాడు చచ్చిపోయిన భాషలు చదివాడనీ, మూడోవాడు పటాలంతో ఓడెక్కి పోయాడనీ నాన్న చదివి చెప్పాడు. మూడోవాడు ఎక్కడికి పోయాడో చెప్పే వాక్యాన్ని చెదలు తినేశాయి. నాకు అంతకన్నా ఏం కావాలి?

నేను అబద్ధాలతోనే పెరిగాను. "ఈ గుంట నోరిప్పితే నిజం గోడ దూకి పారిపోతాది" అనేది అమ్మ. బొమ్మల వల్మోర్ మా వాగు ఒడ్డున ఎర్రమట్టితో మేకల బొమ్మలు గీస్తే అవి లేచి పోడు చేలో పడి మేశాయన్నాను. చదువుల వల్మోర్ కాకుల భాష నేర్చుకుని, తప్పుగా ఏదో వాగి, వాటిచేత పొడిపించుకున్నాడన్నాను. పిల్లలందరూ చింతపిక్కలు పక్కన పడేసి వినేవారు. సుక్రి మాత్రం వినేది కాదు. ఆ వేసవిలోనే వాళ్ళ అయ్య సోములు కల్లు దింపడానికెక్కిన జీలుగు చెట్టు మీంచి పడి చనిపోయాడు. అప్పటినుంచి తను పిక్కలాటకు వచ్చేది, తన వంతు వచ్చినా పిక్క ఎగరేసేది కాదు.

అందుకని సైనికుణ్ణి సుక్రికి ఇచ్చేశాను. బొబ్బిలి యుద్ధానికి వచ్చిన పరాసుల్లో మూడో వల్మోర్ ఒకడనీ, కాలికి దెబ్బ తగిలి, దారి తప్పి కొండెక్కి, సుక్రి వాళ్ళ ముత్తవ్వకు ముత్తవ్వ గుమ్మంలోనే పడిపోయాడనీ, ఆవిడ అతనికి చోడి అంబలి పోసి బతికించిందనీ, అతను ఇక దిగిపోకుండా వాళ్ళ ఇంట్లోనే ముసలివాడై పోయాడనీ చెప్పాను. సుక్రి మొదటిసారి తలెత్తింది.

"మా ఇంట్లోనేటి?"

"మీ ఇంట్లోనే."

ఆ సంగతి సుక్రి వాళ్ళ అవ్వకు చెప్పిందని నాకు తెలీదు.

కందికొత్తల పండగ వచ్చింది. ఊరంతా ఉడికిన కందికాయల వాసన, అడ్డాకు డొప్పల్లో సామన్నం, సందుల్లో ఎండకు ఆరేసిన కొండచీపుళ్ళు. ఆ వారంలోనే సుక్రి వదినకు కొడుకు పుట్టాడు. ఆ కొండజనంలో పుట్టిన ప్రతి బిడ్డా ఇంట్లో పోయినవాళ్ళెవరో తిరిగి రావడమే. ఊరి పూజారిని ఎజ్జోడు అంటారు. ఆయన నీళ్ళ గిన్నెలో రెండు బియ్యపు గింజలు వదిలి, పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పిలుస్తాడు. ఏ పేరుకు గింజలు రెండూ కలిస్తే ఆ మనిషే వచ్చాడని లెక్క. ఆ తర్వాత ఇంకో పేరు పిలవరు. ఈసారి ఎవరొస్తారో అందరికీ తెలుసు. సుక్రి తెల్లారకుండానే లేచి వాకిలి అలికి, అయ్య కూర్చునే బండను కూడా కడిగింది.

ఎజ్జోడు గింజలు వదలబోతుంటే అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"ముందు ఆ పరాసోడ్ని పిలు. మన గుమ్మంలోకొచ్చి మన కూడు తిన్నోడు, సుట్టం. సుట్టానికి పెట్టేక కదా ఇంటోళ్ళు తినాల?"

"అయ్యని ముందు పిలవమనే అవ్వా" అంది సుక్రి.

"మీ అయ్య మనోడే కదే. ఎక్కడికి పోతాడు? ఆగుతాడు."

ఎజ్జోడు నోరు తిరక్క రెండుసార్లు తడబడి, "వల్మోరూ" అని పిలిచాడు. గింజలు రెండూ మెల్లగా జరిగి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మగాళ్ళు కల్లు ముంతలు ఎత్తారు. బిడ్డను చేతుల్లోకి తీసుకుని అవ్వ ఏడుస్తూ నవ్వింది. సోములు పేరు పిలవాల్సిన పని లేకపోయింది.

అదంతా నా అబద్ధమని అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. చెబితే ఎజ్జోడు నీళ్ళు మార్చి మళ్ళీ పిలిచేవాడేమో. నేను వాళ్ళ వసారా చివర పిక్కలు గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డాను. భయం వేయలేదు, సిగ్గు వేయలేదు. చెయ్యి తిమ్మిరెక్కినప్పుడు గిల్లితే ఎలా ఉంటుందో అలా ఉంది. సుక్రి నా దగ్గరకు వచ్చింది.

"ఒలే, ఆడు మా అంబలి నిజంగా తాగేడా?"

"తాగేడు. రెండు డొప్పలు తాగేడు" అన్నాను.

ఇప్పుడు ఆ ఊళ్ళో ఎజ్జోడు లేడు. తర్వాత పుట్టినవాళ్ళంతా ఆస్పత్రిలో పుట్టారు, పేర్లు టీవీల్లోంచీ ఫోన్లలోంచీ వచ్చాయి. గింజలు వదిలే గిన్నె ఎవరింట్లో ఉందని అడిగితే ఎవరికీ గుర్తు లేదు. నాన్న అతికించిన పుస్తకం ఏ బదిలీలో పోయిందో తెలియదు. సోములుకు మళ్ళీ వంతు రాలేదు.

మొన్న వెళ్ళినప్పుడు సుక్రి నాకు అనాస ముక్కలు కోసిపెట్టి, మనవలకు పరాసు దొర కథ చెబుతోంది. పక్కనే ఆనాటి బిడ్డ, ఇప్పుడు పొట్ట పెరిగిన వల్మోరు, మిరియాలు తూర్పారబడుతున్నాడు. ఆ కథను ఇన్నేళ్ళలో నేను చాలా ఊళ్ళలో చాలా రకాలుగా చెప్పాను కాబట్టి, ఎక్కడ తప్పుతుందోనని విన్నాను.

"సెట్టు దిగతా ఈలేసేవోడురా. కల్లు ముంత నోటికాడెడితే మూడు తుమ్ములు తుమ్మీవోడు. సంతకెళ్ళి వస్తే దూరంనించే పిలిసి, నన్ను ఈపునెక్కించుకునీవోడు."

నా కథలో ఈల లేదు, తుమ్ములు లేవు. ఆ ఈల నేను విన్నాను. ఎండాకాలం సాయంత్రాలు జీలుగు చెట్టు మీంచి సోములు దిగుతూ వేసే ఈల అది.

చిన్న మనవడికి అనుమానం వచ్చింది. "నిన్నెక్కించుకున్నాడేటి? పరాసోడి కాలానికి నువ్వు పుట్టేవా అవ్వా?"

కత్తిపీట మీద సుక్రి చేతిలో పండు ఆగిపోయింది. పిల్లాడు నా వైపు తిరిగాడు.

"పుట్టింది" అన్నాను. "నేను సూసేను."