రేపల్లె ఇంట్లో లేని తలుపు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అంగలకుదురులో శ్మశానం పక్క చేలో ఇటుకలు కోసినవాణ్ని. దెయ్యమే ఉంటే ఒక్కరోజైనా వచ్చి నాలుగు ఇటుకలు అందించేది కదా. ఇప్పటికీ నమ్మను. కానీ ఒక గోడ సంగతి మాత్రం నాకు అంతుపట్టలేదు.

ఏడో తరగతితో బడి మానేసి పదిహేనేళ్లు తాపీపని చేశాను. నడుం పట్టేశాక పాత అంబాసిడర్ ఒకటి కొని తెనాలిలో బాడుగకు తిప్పేవాణ్ని. గృహహింస చట్టం కొత్తగా వచ్చిన రోజులవి. ఒక మేడంగారు ఎక్కడికెళ్లినా నా కారే పిలిచేవారు. ఆవిడ మనసుల డాక్టరు. ఇళ్లలో దెబ్బలు తిన్న ఆడవాళ్లతో మాట్లాడి కోర్టుకు రిపోర్టు రాసేవారు. సూది వేయని డాక్టరని నేను ఎగతాళి చేస్తే, "నీ నోటికి వేస్తాలే మస్తానూ" అనేవారు.

ఆవిడ పద్ధతి వేరు. ముందే ఏం జరిగిందని అడగరు. కాగితం, పెన్సిలు ఇచ్చి కాపురం చేసిన ఇల్లు గీయమంటారు. తర్వాత ఎక్కడెక్కడ దెబ్బలు పడ్డాయో గుర్తులు పెట్టమంటారు.

బాపట్లలో పుట్టింట్లో ఉంటున్న ఎస్తేరు, రేపల్లెలోని అత్తగారిల్లు అలాగే గీసింది. వంటగదిలో మూడు గుర్తులు. వెనకగదిలో ఐదు. ఆ గది నుంచి పక్క సందులోకి ఒక తలుపు. ఒక మధ్యాహ్నం నాలుగేళ్ల కూతుర్ని చంకనేసుకుని ఆ తలుపు తీసుకునే బయటపడ్డానంది.

ఆ గదికి సందువైపు అసలు తలుపే లేదని మొగుడి వాదన. లేని తలుపు చూసే పిచ్చిదానికి పిల్లనెలా ఇస్తారని అతని లాయరు పట్టు. కోర్టు మేడంగారి రిపోర్టు అడిగింది. అది తేడాగా వస్తే పిల్ల తండ్రి దగ్గరికి పోతుంది.

ఇల్లు చూడ్డానికి వెళ్లాం. తాపీపని తెలిసినవాణ్నని మేడంగారు నన్నూ లోపలికి రమ్మన్నారు. నిజమే, తలుపు లేదు. ఉన్నది గోడ. కాకపోతే పూతలో తలుపంత మేర సన్నటి పగులు కనిపించింది. తట్టి చూశాను. ఇటుకలతో గట్టిగా మూసేసిన గుమ్మం. ఎక్కడా డొల్ల లేదు.

"ఇక్కడ తలుపుండేదా పెద్దమ్మా?" అని అతని తల్లిని అడిగాను.

"ఉండేదయ్యా. కింద ఒరుసుకునేది, ఎత్తి లాగితేగాని వచ్చేది కాదు. మావాడి పెళ్లికి రెండేళ్ల ముందే మూయించాం. ఆ పిల్ల చూడనే లేదు."

మొగుడు అందుకున్నాడు. "చూశారాండి? అంతా అబద్ధం. ఆ రోజు అమ్మ కూడా ఇంట్లో లేదు. ముందు తలుపుకు తాళం నేనే వేసుకెళ్లా. సాయంత్రం వచ్చి నేనే తీశా. వేసింది వేసినట్టే ఉంది. ఇంకెట్టా వచ్చిద్దండి బయటికి?"

"ఇద్దర్నీ లోపలుంచి తాళం వేశారా?" మేడంగారు రాసుకుంటూ అడిగారు.

"రోజూ వేస్తానండి!"

తల్లి అతని చొక్కా పట్టుకుని లాగింది. మేడంగారు అప్పటికే రాసేసుకున్నారు.

ఆ మిట్టమధ్యాహ్నం ఆమెను, పిల్లను సందులో చూశామని ఇరుగుపొరుగు ఇద్దరు చెప్పారు. కిటికీలకు ఊచలు. పైన శ్లాబు. నేను ఇల్లంతా రెండుసార్లు తిరిగాను. పిల్లి దూరే కంత కూడా లేదు.

ఎస్తేరు మతి స్థిమితంగానే ఉందనీ, ఆ ఇంటికి రోజూ బయటినుంచి తాళం పడేదనీ మేడంగారు రిపోర్టులో రాశారు. ఎలా బయటికొచ్చిందో తెలియలేదని కూడా రాశారు. కోర్టులో అతను తాళం మాట కాదనలేకపోయాడు. పిల్ల తల్లి దగ్గరే ఉండాలని తీర్పు వచ్చింది.

ఆ రోజు తల్లీకూతుళ్లను బాపట్లలో పుట్టింటి దగ్గర నేనే దింపాను. ఆగలేక అడిగేశాను. "చెల్లెమ్మా, ఆ తలుపు ఎట్టా తీశావు?"

"ఎత్తి లాగాలన్నయ్యా. చంకలో పాపుంది కదా, ఒంటిచేత్తో రాలేదు. అవతల్నించి ఎవరో నెట్టారు."

ఎత్తి లాగాలన్నది అత్త నోట ఎప్పుడైనా వినుండొచ్చు. అంతవరకు ఒప్పుకుంటాను. కానీ ఆ గోడను నేను నా చేత్తో తట్టి చూశాను. నెట్టిందెవరని మాత్రం ఆమెను అడగలేకపోయాను.