గాలిమోటరెక్కిన పెళ్ళి మూట

మొన్న మా మనవడు బెంగుళూరు విమానం గంట ఆలస్యమైందని ఫోను చేసి, ఆ కంపెనీ వాళ్ళను ఏడు తరాల దాకా తిట్టాడు. నేను ఊకొట్టాను. విమానం ఆలస్యమైతే ఎంత అనర్థం జరుగుతుందో వాడికేం తెలుసు? ఒక విమానం వేళకు రాకపోవడం వల్ల, అంతకంటే ముఖ్యంగా నాకు బుద్ధి వేళకు రాకపోవడం వల్ల, నా పెళ్ళి గాలిలో కలిసినంత పనైంది. చెప్తాను, నవ్వుకోండి. ఇంట్లోవాళ్ళు నవ్వీ నవ్వీ అలసిపోయారు, ఇక మీ వంతు.

నిజాం రోజులు అప్పుడప్పుడే పోయిన కాలం. మాది ఖాజాగూడ. ఇప్పుడు అద్దాల మేడలున్న చోట అప్పుడు బండలూ, సీతాఫలం చెట్లూ, మేకలూ ఉండేవి. గచ్చిబౌలి దాకా పోవాలన్నా తోడు వెతుక్కునేవాళ్ళం. మా మేనమామ ఆ బండలు కొట్టీ కొట్టీ చేయి తిరిగి, మద్రాసు పోయి రాళ్ళ కాంట్రాక్టులతో పైకొచ్చాడు. ఆయన కూతురు ఆండాళుతో నా పెళ్ళి, అదీ మద్రాసులో. మావాళ్ళంతా ముందే రైలెక్కి పోయారు. నాకు పరీక్ష ఉండి ఆగాను. పరీక్ష అయ్యేసరికి వానలకు రైలుకట్ట తెగింది.

కల్యాణమొచ్చినా కక్కొచ్చినా ఆగవంటారు. మామ ఆగలేదు. ఎవరి కాళ్ళో పట్టుకుని నాకు విమానం టిక్కెట్టు ఏర్పాటు చేయించాడు. చేయించి ఊరుకుంటే బాగుండేది. మద్రాసులో తనకు తెలిసిన ప్రతివాడికీ "మా అల్లుడు గాలిల వస్తుండు" అని చెప్పుకున్నాడట. నేను విమానమెక్కే రోజు గడిచి తెల్లవారితే పెళ్ళి. ఆ రోజు సాయంత్రానికి నేను దిగకపోతే మామ పరువు గంగలో, అంటే మద్రాసు కాబట్టి, సముద్రంలో.

నాకంటే ముఖ్యమైంది నా చేతిలోని మూట. మాలో పుస్తెలు రెండు. ఒకటి పుట్టింటిది, ఒకటి అత్తింటిది. పుట్టింటి పుస్తె మామ దగ్గర ఉంది. మా వైపు పుస్తెను కంసాలి తిప్పీ తిప్పీ చివరికిచ్చాడు కాబట్టి అది నాతో రావలసి వచ్చింది. మా నాయనమ్మ దాన్ని పసుపు గుడ్డలో చుట్టి, నా పెళ్ళి పంచెల మడతలో దాచి, పైన అరిసెలు పేర్చి మూట కట్టింది.

"పానం పోయినా ముల్లె ఇడువకు కొడుకా" అంది.

"నాకు తెల్వదా? మెట్రిక్ చదివినోన్ని" అన్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

నాయనమ్మ రైలెక్కే వయసులో లేదు గానీ, గాలిమోటరును చూడాలని ముచ్చటపడి నాతోపాటు ఎడ్లబండి ఎక్కింది. పొద్దున్నే బేగంపేట చేరాం. కంపెనీ పేరు చెప్పను. అక్కడి గుమాస్తా మెడకు టై కట్టుకున్న కోస్తా మనిషి. ముందు నన్ను తూకం మీద నిలబెట్టాడు, తర్వాత మూటను పెట్టాడు.

"మా పిలగాన్ని చింతపండు లెక్క జోకుతున్నరేంది?" అని నాయనమ్మ అడ్డం పడింది.

"బరువు తెలియాలండీ. లేకపోతే విమానం లేవదండీ."

"పొద్దుగాల సద్ది తిన్నడు. అది గూడ రాసుకో నాయనా."

గుమాస్తా మూటకు నా పేరూ ఊరూ రాసిన చీటీ కట్టి, చేత్తో పట్టుకోమని ఇచ్చి, నల్లబల్ల మీద సుద్దముక్కతో విమానం వేళ రాశాడు. ఆ వేళ వచ్చింది. విమానం రాలేదు. చేతిరుమాలుతో తుడిచి ఇంకో వేళ రాశాడు. అదీ వచ్చి పోయింది. మళ్ళీ తుడిచాడు.

"గీ పిలగాడు ఇంక పలక మీద దిద్దుడే నేర్చుకుంటుండా?" అంది నాయనమ్మ.

నేను వెళ్ళి అడిగాను. "ఎప్పుడొస్తది సార్?"

"వచ్చినప్పుడు చెబుతామండీ."

"ఇప్పుడు యాడుంది?"

"దారిలో ఉందండీ."

"ఏ దారిల?"

"ఆకాశంలో దారులకు పేర్లుంటాయాండీ? వెళ్ళి కూర్చోండి."

"కుర్చీలు లెవ్వు సార్."

"అయితే నిలబడండి."

మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ నిలబడమన్నాడు. ఆ తర్వాత నన్ను చూడగానే కాగితాల వెనక్కి ముఖం దాచుకోవడం మొదలుపెట్టాడు. ఇంకోసారి అడగడానికి నాకే సిగ్గేసింది. నా కొంప ముంచింది ఆ సిగ్గే.

ఇంతలో నాయనమ్మ నీడ చూసుకుంది. "ఇగో, నీడ కాళ్ళ కిందికొస్తే వర్జ్యం. పంతులు జెప్పిండు. గా వర్జ్యంలనే బయలెల్లితే పెండ్లి నిలుస్తదా?"

"మంచి గడియలనే ఇల్లు దాటినం గద నాయనమ్మా."

"అది ఎడ్లబండి గడియ. మద్రాసు పోయేది ఎడ్లబండా? గాలిమోటరు భూమి ఇడిచే గడియ గావాలె." ఇంకోసారి నీడ చూసుకుని, "పరస్తానం బెట్టు" అంది.

ఆ ఆచారం తెలియని పిల్లలకు చెప్తాను. మంచి గడియకు బయలుదేరడం కుదరకపోతే, ఆ గడియకు మన మూటనొకదాన్ని పోయే దారిలో ఎవరింట్లోనో పెట్టి వస్తాం. మూట బయలుదేరితే మనిషి బయలుదేరినట్టే లెక్క. తర్వాత తీరిగ్గా పోయి మూటతో కలిసి ప్రయాణం సాగించవచ్చు. కాకపోతే, మూట పెట్టిన ఇల్లు మనం పోయేసరికి అక్కడే ఉంటుంది. శాస్త్రం రాసినవాళ్ళు ఆ ఒక్క సంగతీ వేరే చెప్పనక్కరలేదనుకున్నారు.

సరిగ్గా అప్పుడే ఒక విమానం దిగింది.

ఏం చెప్పను. అంతవరకూ నేను విమానమంటే ఆకాశంలో గద్దంత ఉండేదనుకున్నాను. అది పొద్దు వెలుగును రెక్కల మీద పోసుకుని, గింత దుమ్ము లేపి, మా బండలగుట్ట లేచి నడిచొచ్చినట్టు వచ్చి నిలబడింది. నాయనమ్మ చెప్పులు విడిచింది. నేనూ విడిచాను.

దానికి నిచ్చెన వేశారు. మనుషులు దిగారు. సామాన్లు ఎక్కించేవాళ్ళు అటూ ఇటూ తిరుగుతున్నారు. ఊరికొక్క గ్రామదేవత ఉన్నట్టు కంపెనీకి ఒక్క విమానమే ఉంటుందని నా నమ్మకం. ఆ విమానమే ఇదని తీర్మానించాను.

"ఎవలినన్న అడిగి పెట్టు కొడుకా" అంది నాయనమ్మ, నీడ వైపు చూస్తూ.

"అడుగుడెందుకు? మెట్రిక్ చదివినోన్ని."

అడ్డుగా ఉన్న తాడు కిందినుంచి దూరి, సామాన్లవాళ్ళ వెంట నిచ్చెనెక్కాను. మూట పట్టుకున్నవాణ్ణి వాళ్ళలో ఒకడనుకున్నారేమో, ఎవరూ ఆపలేదు. లోపల మెత్తటి కుర్చీలు, కిటికీలకు పరదాలు. మా ఊరి పటేలు ఇంట్లో కూడా అన్ని పరదాలు లేవు. నోరు తెరుచుకుని చూస్తూ, ఒక కుర్చీ కింద మూట పెట్టి, దాన్ని ముట్టుకుని కళ్ళకద్దుకుని దిగి వచ్చాను. నీడ ఇంకా కాళ్ళ ముందే ఉంది. నాయనమ్మ ముఖంలో పెళ్ళి కళ వచ్చింది.

కొంతసేపటికి కొత్త మనుషులు ఎక్కారు. తలుపు వేశారు. నన్ను పిలుస్తారని చూస్తూనే ఉన్నాను. విమానం గర్జించి, పరుగెత్తి, నేల విడిచింది. నమ్మండి, ఆ గడియకు నాకు పెళ్ళి గుర్తు లేదు. ఇంత ఇనుము ఇంత తేలిగ్గా లేస్తుందా అని చేతులెత్తి దండం పెట్టాను. నా పుస్తె ఎగిరిపోతుంటే దండం పెట్టి సాగనంపినవాణ్ణి నేను.

అది చుక్కయ్యాక గుమాస్తా బయటికొచ్చాడు. "మద్రాసువాళ్ళు ఇంకాస్త ఓపిక పట్టాలండీ."

"మద్రాసుది నన్నిడిచిపెట్టి పాయె గద సార్."

"అది బొంబాయి విమానమండీ."

నేను నేల మీద కూలబడ్డాను. కుర్చీలు లేవని ముందే చెప్పాను కదా.

"సార్, అండ్ల నా ముల్లె ఉంది. పుస్తె ఉంది."

గుమాస్తా మొదటిసారి నన్ను పూర్తిగా చూశాడు. "మనిషి వెళ్ళి సామాను ఆగిపోతే వెనక పంపిస్తామండీ. సామాను వెళ్ళి మనిషి ఆగిపోతే ఏం చెయ్యాలో మాకెవరూ చెప్పలేదండీ."

"బొంబాయికి తంతి కొట్టండి."

"కొడతామండీ. కాస్త కూర్చోండి." చూసుకుని, "కూర్చున్నారు గదా, అలాగే ఉండండి" అన్నాడు.

నాయనమ్మ ఒక్కతే నిబ్బరంగా ఉంది. "ఫికర్ జెయ్యకు. గడియ అయితే తప్పలే" అంది.

ఎండ చల్లబడ్డాక మద్రాసు విమానం వచ్చింది. వట్టి చేతులతో ఎక్కాను. పైకి లేచాక కిందికి చూస్తే మా ఖాజాగూడ చెరువు దోసిట్లో నీళ్ళంత ఉంది. పుట్టినప్పటినుంచీ నేను ఎక్కి పడి మోకాళ్ళు పగలగొట్టుకున్న బండలు గులకరాళ్ళై పోయాయి. మా నాయనమ్మ ఎక్కడో ఆ గులకరాళ్ళ వైపు బండిలో పోతూ ఉంటుందనుకుంటే ఏడుపొచ్చింది. మబ్బులు కాళ్ళ కిందికి వచ్చాయి. దేవుడు రోజూ చూసేది ఇదా అనుకున్నాను. మద్రాసులో దిగేదాకా పుస్తె మళ్ళీ గుర్తు రాలేదు.

మామ పూలదండతో, పదిమంది పెద్దమనుషులతో నిలబడి ఉన్నాడు. దండ వేసి, చెవిలో "పుస్తె ఏదిరా?" అన్నాడు.

"బొంబాయి పోయింది మామా."

"ఎందుకు పోయింది?"

"వర్జ్యం వస్తదని."

మామ దండను మళ్ళీ తీసేసుకుంటాడేమో అనుకున్నాను. మా అమ్మ తల కొట్టుకుంది. అత్త పెళ్ళి ఆపేద్దామంది. మంచి గడియ గురించి నాయనమ్మ పడిన తాపత్రయం విని పురోహితుడొక్కడే మెచ్చుకున్నాడు. పుస్తె లేనివాడు పసుపుకొమ్ము కడితే చాలు, శాస్త్రం ఒప్పుతుందన్నాడు. తెల్లవారి ఒక బంగారు పుస్తె, ఒక పసుపుకొమ్ము కలిపి ఆండాళు మెడలో కట్టాను. సిగ్గుతో తలెత్తలేదు.

అందరూ తిడుతుంటే ఆమె మాత్రం మెల్లగా, "పైనుంచి ఏం కనబడింది బావా?" అని అడిగింది. ఏడడుగులూ నడుస్తూ చెప్పాను. చెరువు చెప్పాను, బండలు చెప్పాను, కాళ్ళ కింది మబ్బులు చెప్పాను. ఆమె కళ్ళు ఇంతింతయ్యాయి. "నన్నూ ఎక్కిస్తావా?" అంది. ఎక్కిస్తానన్నాను.

మూట తర్వాత ఎప్పటికో తిరిగొచ్చింది. బొంబాయి, ఢిల్లీ, కలకత్తా చీటీలన్నీ అంటించుకుని వచ్చింది. పుస్తెను ఒక్కరూ ముట్టలేదు. అరిసెలు ఒక్కటీ మిగలలేదు. ఆ కంపెనీ నిజాయితీని ఇప్పటికీ మెచ్చుకుంటాను, ఆకలినీ మెచ్చుకుంటాను.

ఆండాళును మాత్రం నేను విమానం ఎక్కించలేకపోయాను. ఎన్నేళ్ళు గడిచినా పుస్తె చేత్తో పట్టుకుని, "నాకన్నా ఇదే నయం. దేశమంతా చూసొచ్చింది" అంటుంది. అది నవ్వుతూనే అంటుంది గానీ నాకు గుచ్చుకుంటుంది. మొన్న మనవడి ఫోను పెట్టేశాక వాడితోనే మా ఇద్దరికీ మద్రాసు టిక్కెట్లు తీయించాను. ఆండాళు మూట అప్పుడే కట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నన్ను ముట్టనివ్వడం లేదు.

కాబట్టి మీ అందరి ఎదుట, ఆ పసుపుకొమ్ము సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్ళీ పెళ్ళికి పోయేటప్పుడు పుస్తెను నాకంటే ముందు విమానం ఎక్కించను.

ఇది చదివి వినిపిస్తే ఆండాళు మూట మీది చేయి తీయకుండానే అడిగింది.

"మళ్ళీ ఎవరి పెళ్ళి?"