బస్సుకు అడ్డం నిలబడ్డ బాబాయి

మా వీధి ఆటో బాబాయి కోపమొస్తే మెడలో తువ్వాలు తీసి చేతికి చుట్టుకునేవాడు. ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక ఆ తువ్వాలు మళ్లీ మెడ మీదికి పోలేదు.

ఒకరోజు ఈపూరు దాటగానే ఆటోవాళ్లు మా బస్సును ఆపేశారు. కొందరి చేతుల్లో రాళ్లున్నాయి. బాబాయి ముందుగా లోపలికి ఎక్కాడు.

"దిగండి! మా పొట్టగొట్టి పోతారా?"

నా పక్కనే ఆయన భార్య నిలబడి ఉంది. ఆయనకు చెప్పకుండా నరసరావుపేటలో మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో పనికి పోతోంది. గబుక్కున కొంగు ముఖానికి కప్పుకుంది. అయినా ఆయన గుర్తుపట్టాడు.

కింద నుంచి ఎవరో అరిచారు. "ఏందన్నా, అద్దాలు పగలగొట్టమంటావా?"

బాబాయి మెల్లగా దిగాడు.

"రాళ్లు పడేయండ్రా. లోపలున్నది మనోళ్లే."

బస్సు కదిలింది. నేను లేచి సీటిచ్చినా పిన్ని నరసరావుపేట దాకా కూర్చోలేదు.