ఆ ఉదయం రేడియేటర్‌లో పోసిన నీళ్లు

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేం కాదు, మూడు మాటలు. అనడానికి ఒక్క క్షణం పట్టింది. ఇన్నాళ్లూ దాన్ని ఎలాగో మోసుకొచ్చాను. కానీ పోయిన శుక్రవారం నుంచి అన్నం సహించడం లేదు. పనిలో పానా చేతిలోంచి జారిపోతోంది. ఎవరైనా పలకరిస్తే ఉలిక్కిపడుతున్నాను. రూములో నాతో ఉండే రాయచోటి ఆయన మొన్న దగ్గరికొచ్చి, "ఏమప్పా, అట్లుండావు? ఒంట్లో బాగలేదా?" అని అడిగాడు. జ్వరమని చెప్పాను. చూశారా, మళ్లీ అబద్ధమే. ఇంట్లోవాళ్లకు చెప్పలేను, ఇక్కడివాళ్లకు చెప్పలేను. అందుకే నన్నెరగని మీకు చెబుతున్నాను. పేరు మాత్రం అడగకండి.

నేను మెకానిక్‌ని. మాది కడప జిల్లా. ఇప్పుడు రియాద్‌లో ఒక వర్క్‌షాపులో ఉన్నాను. అంతకుముందు నాలుగేళ్లు ఉనైజాలో ఒక ఖర్జూర తోటలో పనిచేశాను. నా కఫీల్, అంటే నన్ను తన వీసా మీద తెప్పించుకున్న యజమాని, డెబ్బై దాటిన పెద్దాయన. అందరూ ఆయన్ని అబూ సాలెహ్ అనేవారు, సాలెహ్ తండ్రి అని అర్థం. తోటలో మోటార్లు, ట్రాక్టర్లు చూసుకోవడానికని నన్ను తెప్పించారు. అది పేరుకే. నా అసలు పని ఒక పాత పికప్ బండి.

అది ఆయన తండ్రి కొన్న అమెరికా బండి. ఆయన బండి తోలడం నేర్చుకున్నది దాని మీదే, పెళ్లయ్యాక భార్యను ఇంటికి తెచ్చుకున్నది అందులోనే. ఆకుపచ్చ రంగు, గుండ్రటి దీపాలు. చూసేవాళ్లకు ముచ్చటగా ఉండేది, ఆగి ఫోటోలు తీసుకునేవాళ్లు. బాగుచేసేవాడికి కదా తెలిసేది. దాని నట్లన్నీ అంగుళాల కొలత, నా పానాలన్నీ మిల్లీమీటర్లు. ఏది పోయినా కొత్తది దొరకదు. ఊరి బయట తష్లీహ్ అని, పాత బండ్లు విప్పి అమ్మే స్థలాలుంటాయి. అక్కడ ఎండలో ఇనుప గుట్టలెక్కి దిగి ఒక కార్బురేటర్ తెస్తే అది మన ఇంజన్‌కు సరిపోదు. ఆకురాయి పెట్టి సరిపోయేలా చేస్తే ఇంకోచోట పెట్రోలు కారుతుంది. కారడం ఆపితే సెల్ఫ్ పట్టదు. వేసవిలో పెట్రోలు పైపులోనే ఆవిరైపోయి నడిరోడ్డు మీద ఆగిపోయేది. పంపు మీద తడిగుడ్డ కప్పి, బతిమాలి ఇంటికి తెచ్చేవాణ్ణి. ఇంజన్ వేడి చూపించే ముల్లు నేను రాకముందే చచ్చిపోయింది. అలాంటిదాని కోసం ఏడాది వెతికాను, దొరకలేదు. నాకు తెలిసిన తిట్లన్నీ తెలుగులో ఆ బండికే ఖర్చుపెట్టాను. అబూ సాలెహ్ పక్కనే నిలబడి, దాన్ని నేను లాలిస్తున్నాననుకొని నవ్వేవారు.

రేడియేటర్‌ది ఇంకో గోల. అతుకు మీద అతుకు. బండి నడిచి వేడెక్కితే చాలు, ఎంతో కొంత నీరు కారేది. అందుకని తెల్లవారి నమాజు చేసి వచ్చాక ఆయనే డబ్బాతో నీళ్లు తెచ్చి అంచుదాకా పోసేవారు. ఆ పని ఎవరికీ ఇవ్వలేదు. నేను పోస్తానని ముందుకెళ్తే చేయి అడ్డం పెట్టేవారు. తన తండ్రి పొద్దున్నే ఒంటెలకు నీళ్లు పెట్టేవాడట, తాను బండికి పెడుతున్నానని, అంతకుమించి తేడా లేదని ఒకసారి చెప్పారు.

ఆ ఏడు కోతలు మొదలయ్యాయి. మొదటి ఖర్జూరం పెట్టెలు ఆయన స్వయంగా ఆ బండిలోనే మార్కెట్‌కు తీసుకెళ్లాలి. తండ్రి నాటి నుంచి అదే అలవాటు. రేపు బయలుదేరతారనగా రేడియేటర్ ఒకసారి కడిగేద్దామనుకున్నాను. దాని అడుగున చిన్న ఇత్తడి కుళాయి ఉంటుంది. అది విప్పితే లోపలి తుప్పునీరంతా పోతుంది. దాని మరలు అరిగిపోయాయి కాబట్టి తెల్ల టేపు చుట్టి బిగిస్తేనే నిలుస్తుంది. అంతా కడిగి, కుళాయిని ప్రస్తుతానికి వేళ్లతో తిప్పి పెట్టి, టేపు కోసం జేబులో చేయి పెట్టాను. అప్పుడే అసర్ బాంగు, సాయంత్రం నమాజు పిలుపు, వినబడింది.

ఇక్కడ బాంగు వినబడితే ఎక్కడి పని అక్కడే ఆగుతుంది. ఆయన మసీదుకు, నేను ఫోనుకు. మా ఇద్దరికీ అది అలవాటైపోయింది, ఆ పావుగంట నాది. ఇంటికి చేశాను. మా ఆవిడ మంచి సంబరంలో ఉంది.

"మన ఎనుము ఈనింది. పెయ్యదూడ. నువ్వొచ్చేదాకా జున్నుపాలు ఉంటాయా ఏంది? బిన్నా రా" అంది.

ఇంటి ముఖం చూసి మూడేళ్లయింది. సెలవు కాయితం ఆ వారమే చేయిస్తామన్నారు. దూడ సంగతి, జున్ను సంగతి, సెలవు సంగతి మాట్లాడి మాట్లాడి, నవ్వుకుంటూ తిరిగొచ్చి, బానెట్ మూసి చేతులు కడుక్కున్నాను. నీళ్లు ఎలాగూ పొద్దున ఆయన పోస్తారు. టేపు నా జేబులోనే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున నా గది గుమ్మంలో పళ్లు తోముకుంటున్నాను. షెడ్డు ఎదురుగానే ఉంటుంది. ఆయన నీళ్లు పోశారు. ఖాళీ రేడియేటర్ కదా, ఒక డబ్బా సరిపోక రెండోది తెచ్చారు. మూత బిగించి, దాని మీద అరచేత్తో రెండుసార్లు తట్టి, నాకు చేయి ఊపారు. నేను బ్రష్ నోట్లోనే పెట్టుకొని చేయి ఊపాను.

రెండు గంటల తర్వాత పెద్ద కొడుకు సాలెహ్ కారేసుకొచ్చి నన్ను ఎక్కించుకున్నాడు. బండి మార్కెట్ దారిలో ఆగిపోయిందని చెప్పాడు. వెళ్లేసరికి బానెట్ సందుల్లోంచి పొగ వస్తోంది. కాలిన లోహం వాసన. ఇంజన్ పట్టేసింది, తిప్పితే వెంట్రుకంత కూడా కదల్లేదు. వెనకాల ఖర్జూరం పెట్టెలు ఎండలో ఉన్నాయి. అబూ సాలెహ్ రోడ్డు పక్కన నిలబడి ఉన్నారు, తలగుడ్డ కూడా సర్దుకోలేదు.

నేను బండి కిందికి దూరాను. కుళాయి వదులై ఊడిపడేలా వేలాడుతోంది. రోడ్డు కుదుపులకు కొంచెం కొంచెంగా తిరిగిపోయింది. చూసిన వెంటనే నాకు ఒళ్లంతా చల్లబడింది, నలభై అయిదు డిగ్రీల ఎండలో. వాళ్లకు నా కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. నా చేతులు ఏం చేస్తున్నాయో ఎవరూ చూడలేదు. ఆ చేతులు జేబులోంచి టేపు తీశాయి. చుట్టాయి. కుళాయిని బిగించాయి. నిజం చెబుతున్నాను, అలా చేయాలని నేను ఆలోచించుకోలేదు. లేదా ఆలోచించానేమో. నాకు ముందున్న పాకిస్తానీ మెకానిక్ ఈ బండి వైర్లు కాల్చాడని సాలెహ్ వారం తిరక్కుండా ఫైనల్ ఎగ్జిట్ కొట్టించి దేశం నుంచే పంపేసిన సంగతి ఆ క్షణంలో గుర్తొచ్చిన మాట మాత్రం నిజం.

బయటికి వచ్చేసరికి సాలెహ్ తండ్రిని అడుగుతున్నాడు, నీళ్లు పోయడం మరిచిపోయావా అని. మర్యాదగానే అడిగాడు, కానీ జవాబు తనకు ముందే తెలిసినట్టు అడిగాడు. పెద్దాయన నా వైపు తిరిగారు. ఆయన ముఖంలో బెదురేమీ లేదు. నన్ను చూసి ధైర్యం వచ్చినట్టే కనిపించారు. మేం మాట్లాడుకునేది అరబీలో, తెలుగులో రాస్తున్నాను.

"పోశాను. ముహందిస్ చూశాడు. అతన్ని అడుగు."

ముహందిస్ అంటే ఇంజనీరు. తోటలో మిగతావాళ్లు నన్ను పనివాళ్లందరినీ పిలిచినట్టే సదీక్, అంటే స్నేహితుడా, అని పిలిచేవాళ్లు. ఆయనొక్కరే సరదాకి ముహందిస్ అని మొదలుపెట్టి, అదే ఉంచేశారు.

"చూశావా?" అన్నాడు సాలెహ్.

"ఈ రోజు పోయలేదు" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చిందని నమ్మడానికి నాకే కొంతసేపు పట్టింది. చూడలేదు అనొచ్చు కదా? అదీ అబద్ధమే, కానీ ఆ పెద్దమనిషికి నిలబడటానికి కాస్త చోటు మిగిలేది. నేను ఆ చోటు కూడా ఉంచలేదు. ఎందుకు? అంత గట్టిగా చెబితే తప్ప నా కుళాయి సంగతి మూతపడదని లోపల ఎవరో లెక్కేశారు. ఆ ఎవరో నేనే.

ఆయన కోప్పడతారనుకున్నాను. అబద్ధాలకోరువని నా మీద అరుస్తారనుకున్నాను. అరిస్తే ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాను. ఆయన అరవలేదు. రెండు చేతులూ ముందుకు చాపి అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. తర్వాత నన్ను చూశారు. ఆయన నన్ను నమ్మారు. పొద్దున నీళ్లు మోసిన తన చేతుల్ని నమ్మలేదు, నన్ను నమ్మారు.

"అయితే మరిచిపోయి ఉంటాను" అన్నారు.

ఆ సాయంత్రం తాళంచెవులు ఆయనే కొడుకు చేతిలో పెట్టారు. ఎవరూ అడగలేదు. ఇంజన్ దించాను, లోపల పిస్టన్లు అతుక్కుపోయి ఉన్నాయి. అలాంటివి ఎక్కడా దొరకవని తేలాక బండిని షెడ్డులోనే దిమ్మల మీద నిలబెట్టాం. దుమ్ము పోకుండా రేడియేటర్ గొట్టాల మూతులకు కర్ర బిరడాలు కొట్టి, దాన్ని అక్కడే ఉంచేశాను. రెండు వారాలకు నా సెలవు కాయితం వచ్చింది. నేను బయలుదేరే పొద్దున ఆయన ఒక ఖర్జూరం పెట్టె నా చేతికిచ్చి, ఇంతకుముందు నీకు ఇచ్చానా అని అడిగారు. ఇవ్వలేదన్నాను. ఈసారి నిజమే చెప్పాను. ఆయన అంతకుముందెప్పుడూ అలా అడిగిన మనిషి కాదు.

తిరిగొచ్చాక ఆ ప్రశ్నలు ఇంకా పెరిగాయి. నమాజు చేశానా? గేటు వేశానా? మందు వేసుకున్నానా? డాక్టరు పరీక్షలు చేసి, ఇదీ అని ఏమీ చెప్పలేక వయసన్నాడట. ఆ మాట పట్టుకొని నేను చాలా ఏళ్లు బతికాను. వయసు కదా, నేను అనకపోయినా వచ్చేదే కదా? కావచ్చు. కాకపోవచ్చు కూడా. ఆయన ముఖం చూడలేక ఏడాది తిరగకముందే కఫాలా ఇంకో యజమాని పేరుకు మార్పించుకొని రియాద్ వచ్చేశాను. పారిపోయి వచ్చాను అంటేనే సరిగ్గా ఉంటుంది.

రెండు వారాల క్రితం సాలెహ్ ఫోన్ చేశాడు. తండ్రి పోయి రెండు నెలలైందని చెప్పాడు. ఆ బండిని కొనడానికి ఒకాయన వచ్చాడని, దానికి వేరే ఇంజన్ కూడా దొరికిందని, ఆ బండి ఒళ్లు నాకు తెలిసినంత ఎవరికీ తెలియదని, ఒకసారి వచ్చి చూడమని అడిగాడు. కాదనలేక పోయిన శుక్రవారం బస్సెక్కి వెళ్లాను.

షెడ్డులో బండి అలాగే ఉంది. ముందు రేడియేటర్ తీద్దామని కింద దూరాను. కుళాయికి నేను చుట్టిన టేపు అలాగే ఉంది. తొమ్మిదేళ్ల క్రితమే ఎండిపోయి ఉండాల్సిన రేడియేటర్ కదా అని, ఏమీ ఆలోచించకుండా కుళాయి తిప్పాను. నీళ్లు వచ్చాయి. ముఖం మీద పడ్డాయి. తుప్పునీళ్లు కావు, తేట నీళ్లు. ఆగకుండా కారుతూనే ఉన్నాయి. నేను అలాగే పడుకొని ఉండిపోయాను, పక్కకు జరగాలని కూడా తోచలేదు.

బండి కింది నుంచి బయటికి వచ్చాక సాలెహ్ గోడ చూపించాడు. షెడ్డు లోపల వెనక గోడ నిండా, నేల నుంచి మనిషి ఎత్తు దాకా, బొగ్గుతో గీసిన గీతలు. వరసలు వరసలుగా, ఒకదాని పక్కన ఒకటి. చివరి వరసల్లో గీతలు వంకర్లు పోయాయి, అయినా ఆగలేదు. ఇంజన్ లేని బండికి ఆయన రోజూ పొద్దున నీళ్లు పోసేవారట. పోసి, కాఫీ కుంపటిలోని బొగ్గుతో ఒక గీత గీసేవారట. ఎంత చెప్పినా వినలేదట. మరిచిపోయానని ఇంకెవరూ అనకూడదు అనేవారట. ఎప్పటి నుంచి అని అడిగాను. బండిని దిమ్మల మీద నిలబెట్టిన మర్నాటి నుంచి అన్నాడు.

నేను అక్కడున్న ఆ ఏడాది రోజూ షెడ్డులోకి వెళ్లి వచ్చేవాణ్ణి. ఆ గోడ వైపు ఎందుకు చూడలేదు? అప్పటికే ఎన్నో వరసలు ఉండి ఉండాలి. పొద్దున షెడ్డు ఎదురుగా ఉందని నా గది తలుపు కూడా తెరిచేవాణ్ణి కాదు, బండి వైపు చూడటానికే భయపడేవాణ్ణి, ఇక గోడ ఎక్కడ చూస్తాను?

చెప్పేద్దామని నోరు తెరిచాను. సాలెహ్ నా భుజం మీద చేయి వేశాడు.

"ఆ రోజు నువ్వు నిజం చెప్పావు కాబట్టి సరిపోయింది. లేకపోతే నాన్న అలాగే బండి తోలి ఎవరినైనా చంపేసేవాడు. అల్లా నీకు మేలు చేయాలి" అన్నాడు.

నాకు దండం పెట్టినంత పని చేశాడు ఆ మనిషి. నేను ఏమన్నానో తెలుసా? ఆమీన్ అన్నాను. బస్సులో రియాద్ దాకా ఆ మాటే చెవుల్లో మోగింది.

సాలెహ్ నంబరు నా ఫోనులో ఉంది. రోజూ తీసి చూస్తున్నాను, ఇంకా చేయలేదు. చేసినా నన్ను క్షమించాల్సింది అతను కాదు. క్షమించగలిగిన మనిషి గీతలు గీసుకుంటూనే వెళ్లిపోయాడు. మీరు కూడా నన్ను ఏమీ అనవద్దు, మంచిగా అసలే అనవద్దు. రోడ్డు పక్కన నిలబడి ఆ పెద్దాయన నన్ను ఒక్క మాట సాక్ష్యం అడిగారు. అది ఇన్నేళ్లకు ఇక్కడ చెబుతున్నాను.

ఆయన ఆ రోజు నీళ్లు పోశారు. రెండు డబ్బాలు. మూత మీద రెండుసార్లు తట్టారు. నేను చూశాను.