లాకుల దొర రాతిమీద ఖాళీ వరుస

1996 వేసవి. విజయవాడ వన్ టౌన్‌లో కాలవ దగ్గర ఒక సందులో మా దుకాణం. రాతి మీద అక్షరాలు చెక్కడం మా వృత్తి. మా తాత ఇళ్ళ గుమ్మాల మీద పేర్లు చెక్కాడు, మా నాన్న సమాధుల మీద చెక్కాడు, నా కాలం వచ్చేసరికి ఎక్కువగా శిలాఫలకాలే. శంకుస్థాపనలు, ప్రారంభోత్సవాలు. ఎలక్షన్లు దగ్గరపడ్డాయంటే మాకు తిండీ నిద్రా ఉండేవి కావు.

ఈ పనిలో రాయికన్నా గట్టిది ప్రోటోకాల్. ఎవరి పేరు పైన ఉండాలి, ఎవరిది కింద ఉండాలి, పేరుకి ముందు ఏం తగిలించాలి అన్న వరస అది. మంత్రి గారి పేరు ఎమ్మెల్యే గారి పేరుకన్నా కాస్త సన్నగా పడిందంటే ఆ రాయి ముక్కలై మా గుమ్మంలోకి తిరిగొస్తుంది. అందుకే మా నాన్న ఒక పద్ధతి నేర్పాడు. ఏ ఫలకమైనా అడుగున ఒక వరుస ఖాళీగా వదలాలి. బ్లాంక్ లైన్ అంటాం. రేపు ఓపెనింగ్ అనగా ఈరోజు ఎవరో ఒకరు ఆయాసపడుతూ వచ్చి "ఫలానా వారి పేరు మర్చిపోయామండీ, కొంప మునుగుతుంది" అంటారు. ఆ వరుస వాళ్ళకోసం.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం సందు మొదట్లో అంబాసిడర్ కారు ఆగింది. రిటైరైన ఇంగ్లీషు లెక్చరర్ పరబ్రహ్మం మాస్టారు దిగారు. ఆయన వెనకాల పొడుగ్గా, సన్నగా, మన ఎండకి ఉడికిన రొయ్యలా ఎర్రబడ్డ ఒక ముసలి తెల్లాయన.

"మస్తాన్ గారూ, ఈయన లార్డ్ థార్న్‌మియర్ అండీ. ఇంగ్లండులో బారన్" అన్నారు మాస్టారు.

"బారన్ అంటే ఏంటండీ, మన జమీందారు లాగానా?"

"కాస్త అటూ ఇటూగా అంతే. వాళ్ళ బిరుదుల్లో అది కింది మెట్టు. దానిమీద వైకౌంట్, తర్వాత ఎర్ల్, మార్క్విస్, అందరికన్నా పైన డ్యూక్."

"ఓరి నాయనో, మన ప్రోటోకాలే కదండీ ఇదీ! ఈయన మన మండలాధ్యక్షుడి లెక్కన్న మాట."

మాస్టారు ఆ మాట ఇంగ్లీషులో చెప్పేశారు. నాకు గుండె జారిపోయింది. లార్డ్ గారు మాత్రం పెద్దగా నవ్వి, నా స్టూలు లాక్కుని కూర్చున్నారు.

వచ్చిన పని ఇది. ఆయన తాత తమ్ముడు ఎడ్మండ్ అనే ఆయన మన డెల్టాలో కాలవల ఇంజనీరుగా చేసి, జ్వరంతో ఇక్కడే పోయాడు. పామర్రు అవతల ఒక కాలవ లాకుల పక్కన సమాధి ఉంది. దాని మీదున్న రాయి ఎప్పుడో పగిలిపోయింది. కొత్త రాయి కావాలి. లార్డ్ గారి చేతిలో వాళ్ళ పెద్ద కుటుంబాల వంశావళి అచ్చేసే పుస్తకం నుంచి తీసిన జిరాక్సు ఉంది. దాన్ని చూపిస్తూ అన్నదమ్ముల సంగతి చెప్పారు. పెద్దాయనకి బిరుదు, భూములు, పార్లమెంటు పెద్దల సభలో కుర్చీ. రెండో ఆయన ఏదో ద్వీపానికి గవర్నరు. మూడో ఆయన మన ఎడ్మండ్. నాలుగో ఆయన బిషప్పు. బిరుదు పెద్దవాడికే, మిగతావాళ్ళు తలో ఉద్యోగం వెతుక్కుని పోవాల్సిందేనట. మా ఇళ్ళల్లో అలా పంచితే తలకాయలు పగుల్తాయి అన్నాను. అదీ చెప్పేశారు మాస్టారు.

రాతిమీద రాయాల్సింది ఆ పుస్తకంలో ఉన్నట్టే ఉండాలన్నారు. ఆనరబుల్ ఎడ్మండ్, నాలుగో బారన్ థార్న్‌మియర్ మూడో కుమారుడు, కాలవల ఇంజనీరు, ఇక్కడ మరణించారు, అవివాహితుడు. ఆనరబుల్ అనేది బారన్ కొడుకులకి కాగితం మీద తగిలించే గౌరవం, ఎదురుగా ఎవరూ అలా పిలవరట. అది సరే, ఆ చివరి మాట సమాధి మీద ఎందుకండీ అని అడిగాను.

"ఆ పుస్తకంలో ప్రతి మగవాడి పేరు కిందా భార్య పేరుండాలి, లేకపోతే ఈ మాటుండాలి. ఆ కొమ్మ అక్కడితో ఆగిపోయిందని చదివేవాడికి తెలియాలిట" అన్నారు మాస్టారు.

మర్నాడు కొలతల కోసం బస్సెక్కి వెళ్ళాను. కాలవ గట్టు, పాత లాకులు, దాని పక్కన ఇటుకల సమాధి. చుట్టూ గడ్డి పీకి శుభ్రంగా ఉంది. దానిమీద ఆరిపోయిన ప్రమిద. ఒక ముసలావిడ చీపురుతో ఊడుస్తోంది. పేరు రత్తమ్మ. ఎనభై దాకా ఉంటాయి. మనిషి మనలాగే ఉంది గానీ కళ్ళు మాత్రం పిల్లికళ్ళు. భర్త ఆ లాకుల దగ్గర లస్కరుగా, అంటే నీళ్ళ తలుపులు ఎత్తి దించే ఉద్యోగంలో, ఉండి కాలం చేశాడు.

"ఎవరు నాయనా నువ్వు? టేపెందుకు పెడుతున్నావ్ మా తాత మీద?"

"మీ తాతా?"

"కాకపోతే నీ తాతా? లాకుల దొర మా నాయన్ని కన్న తండ్రి."

నేను నోరు వెళ్ళబెట్టాను. నా పేరూ, వచ్చిన పనీ చెప్పాను. కొత్త రాయి అనగానే ఆవిడ మొహం వెలిగిపోయింది. ఏం రాస్తున్నావో చదవమంది. నేను తెలుగులో చెప్పుకుంటూ చివరి మాట దాకా వచ్చాను. నా నోరు అప్పుడైనా ఆగి ఉండాల్సింది, ఆగలేదు. "పెళ్ళి కానివాడు" అన్నాను.

రత్తమ్మ గారు చీపురు కింద పడేసింది.

"ఆ గంగానమ్మ గుడి కాడ మూడుముళ్ళు వేశాడు మా నాయనమ్మకి. ఊరు చూసింది. ఆయన పోయాక ఊరే మర్చిపోయింది. ఉంచుకున్నదాని మనవరాలివని ఈ ఊళ్ళో నన్ననని ఆడది లేదు మస్తానూ. నోటితో అన్నది గాలికి పోద్ది. రాయి మీద రాస్తే పోద్దా?"

కొలతలు మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను. మాస్టారి ఇంటికి వెళ్ళి నెత్తీ నోరూ బాదుకున్నాను. ఆ మాట నా ఉలితో నేను చెక్కలేనండీ అన్నాను.

లార్డ్ గారు మంచి మనిషి. మేమిద్దరం సంగతంతా చెప్పాం. మర్నాడే కారు తీయించారు. లాకుల దగ్గర రత్తమ్మ గారు ఉతికిన చీర కట్టుకుని, కూతురు సీతని వెంటబెట్టుకుని నిలబడి ఉంది. ఆయన ఆవిడ కళ్ళ వంక చూసి టోపీ తీశారు. మా అత్త కళ్ళు అచ్చం ఇవే అన్నారట మాస్టారితో.

"లాటు గారికి చెప్పండి మాస్టారూ. నాకు భూములొద్దు, బిరుదులొద్దు. తాత పేరు కింద మా నాయనమ్మ పేరుండాలి. భార్య అని ఉండాలి. అంతే" అంది రత్తమ్మ గారు.

లార్డ్ గారు అన్నది మాస్టారు ఇలా చెప్పారు. "ఈయన నమ్ముతున్నారమ్మా. కానీ చర్చి రికార్డుల్లో ఈ పెళ్ళి లేదు. ఇంటి పెద్దలు ఒప్పుకోవాలి, పుస్తకం వాళ్ళు ఒప్పుకోవాలి. తానొక్కడే రాయించేసి, రేపు ఇంకెవరో వచ్చి చెరిపిస్తే మీకు మరీ అవమానం. అవివాహితుడన్న మాట మాత్రం ఇప్పుడే తీసేస్తారుట."

అప్పుడు మా నాన్న పద్ధతి గుర్తొచ్చింది. అడుగున బ్లాంక్ లైన్ వదులుతాను, కబురు రాగానే వచ్చి చెక్కుతాను అన్నాను. అందరికీ నచ్చింది. లార్డ్ గారు కలం తీసి, ఆ అమ్మ పేరేమిటని అడిగారు.

రత్తమ్మ గారు చెప్పలేదు.

"పెద్దోళ్ళ పేరు ఊరికే అనకూడదు. మా ఇంట్లో ఆవిణ్ణి అందరూ దొరసానమ్మ అనే అన్నారు. అసలు పేరు మా నాయన నాకొక్కదానికే చెప్పాడు. ఇప్పుడు చెప్పి, వాళ్ళు కాదంటే? పేరు చెప్పి మరీ కాదనిపించుకోవాలా మా నాయనమ్మ? కబురు రానీండి. దీపం పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మస్తాను ఉలి పట్టుకున్నాక చెబుతా."

"నాకైనా చెప్పండి మామ్మగారూ, గుండెల్లో దాచుకుంటాను" అన్నాను.

"నువ్వా? నీ నోట్లో నువ్వుగింజ నానదు" అంది. అందరం నవ్వేశాం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నాకు ఏడుపొస్తుంది.

రాయి నిలబెట్టాం. నల్ల గ్రానైటు, తెల్ల అక్షరాలు, అడుగున నున్నగా ఖాళీ వరుస. లార్డ్ గారు వెళ్ళిపోయారు. కబురు రాలేదు. బందరు వైపు పని పడినప్పుడల్లా నేను లాకుల దగ్గర దిగేవాణ్ణి. ఆవిడ గట్టుమీద నన్ను చూస్తూనే "ఏమన్నాడు మీ లాటు?" అనేది. "ప్రయత్నం చేస్తున్నారట" అనేవాణ్ణి. నిజంగానే చేస్తున్నారు. అక్కడా మన ఇళ్ళల్లో లాగే ఒప్పుకోని మేనత్త ఒకావిడ ఉంది, ఆవిడ తల అడ్డంగా ఊపితే ఇంటిల్లిపాదీ గప్‌చుప్ అని మాస్టారికి ఉత్తరంలో రాశారు. మనకే అనుకున్నాను ఈ అత్తల బాధ.

"ఆవిడకేం పొయ్యేకాలం? నేనేమైనా ఆవిడ పుస్తెలు అడిగానా?" అనేది రత్తమ్మ గారు. పేరు మాత్రం చెప్పేది కాదు.

2001లో మాస్టారు నెట్ సెంటర్ నుంచి తిన్నగా నా దుకాణానికి వచ్చారు. చేతిలో ప్రింటు తీసిన ఈమెయిలు. ఆ మేనత్త పోయింది. మిగతా అందరూ సంతకాలు పెట్టారు. పుస్తకం వాళ్ళు కూడా, కుటుంబం ఒప్పుకుంది గనక, వచ్చే ముద్రణలో అవివాహితుడన్న మాట తీసి పెళ్ళి సంగతి వేస్తామన్నారు. లార్డ్ గారు అడిగింది ఒక్కటే: ఆవిడ పేరు పంపండి.

నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. ఉలి, సుత్తి సంచీలో వేసుకున్నాను. పామర్రులో కొబ్బరికాయ కొన్నాను. మాస్టారూ నేనూ ఇంటి ముందు దిగేసరికి సీత ఎదురొచ్చింది. మమ్మల్ని చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అమ్మకి పక్షవాతం వచ్చింది బాబాయ్ గారూ. మాట పడిపోయింది."

మంచం మీద రత్తమ్మ గారు ఇంతైపోయింది. కానీ తెలివిగా ఉంది. నా భుజానికున్న సంచీ చూడగానే ఆ పిల్లికళ్ళు పెద్దవయ్యాయి. మాస్టారు వంగి కబురు చెప్పారు. నోరు తెరిచింది. ఏదో శబ్దం వచ్చింది, మాట కాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. ఆవిడకి చదువు లేదు, రాసి చూపించడానికి. సీత మంచం పక్కన కూర్చుని తనకి తెలిసిన పాతకాలం పేర్లన్నీ అనడం మొదలుపెట్టింది.

"అమ్మా, అచ్చమ్మా? వెంకమ్మా? సుబ్బమ్మా? పేరమ్మా? రాఘవమ్మా?"

ప్రతి పేరుకీ ఆవిడ తల కొంచెం అడ్డంగా కదిలేది. నేనూ అందుకున్నాను, మాస్టారూ అందుకున్నారు. ఇద్దరు పక్కింటి ముసలమ్మలు వచ్చారు. ఒకప్పుడు దెప్పిన వాళ్ళే, వాళ్ళూ గుర్తు తెచ్చుకుని పేర్లు చెప్పారు. అందరికీ ఆవిడ దొరసానమ్మగానే తెలుసు. పొద్దు వాలేదాకా పిలిచాం. ఏ పేరుకీ ఆవిడ అవుననలేదు. చివరికి నా చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకుంది. కన్నీళ్ళు చెవుల్లోకి కారాయి. నా బతుకులో అంత చేతకాని మనిషిలా నేనెప్పుడూ కూర్చోలేదు.

ఆ నెల్లోనే ఆవిడ పోయింది.

పుస్తకం కొత్త ముద్రణ వచ్చాక లార్డ్ గారు ఆ పేజీ జిరాక్సు పంపారు. మాస్టారు చదివి చెప్పారు. పెద్దాయన భార్య పేరు, ఆవిడ తండ్రి పేరు, గవర్నరు భార్య పేరు, బిషప్పు భార్య పేరు, అన్నీ ఉన్నాయి. ఎడ్మండ్ దగ్గర: కృష్ణా డెల్టాలో వివాహం చేసుకున్నారు, భార్య పేరు తెలియదు, సంతానం కలదు. పరాయి దేశం వాళ్ళు తలుపు తీసి రమ్మన్నారు. పిలవడానికి మన దగ్గర పేరు లేకపోయింది.

రాతిమీద "ఆయన భార్య" అని చెక్కనా అని సీతని అడిగాను. వద్దంది. "అమ్మ అడిగింది ఆవిడ పేరే కదా బాబాయ్ గారూ. ఏదో ఒకటి రాస్తే ఒప్పుకోదు."

అప్పటినుంచి నా దుకాణంలో ఒక అలవాటు పెట్టుకున్నాను. సమాధి రాయికని ఎవరొచ్చినా, చెక్కించేది ఎవరి పేరైనా, ముందు ఆ ఇంటి ఆడవాళ్ళ పేర్లు అడుగుతాను. నాయనమ్మ పేరు, ముత్తవ్వ పేరు. కొంతమంది విసుక్కుంటారు. పెద్దవాళ్ళ పేరు నోటితో అనకూడదండీ అంటారు ఇంకొంతమంది. గౌరవం నాకూ తెలుసు, అయినా చెప్పండి అని బతిమాలతాను, ఒక్కోసారి కసురుతాను.

మొన్న బందరు నుంచి వస్తూ లాకుల దగ్గర దిగాను. సమాధి శుభ్రంగా ఉంది, ప్రమిద వెలుగుతోంది. దొర పేరుకి సీత ఏమీ పెట్టలేదు. అడుగున ఆ ఖాళీ వరుస పొడుగునా పసుపు రాసి, పేరుండాల్సిన చోట కుంకుమ బొట్టు పెట్టింది.