నోట్లో పిల్లలతో భద్రాచలం దాకా

రాసుకో స్నేహా, మెల్లగానే చెబుతాను. తల్లాడ నుంచి భద్రాచలానికి బస్సులో చేపను తీసుకెళ్లాలనుకునేవాళ్లకు ఇది పనికొస్తుంది. అలాంటివాళ్లు ఎందరుంటారో తెలియదు, ఉన్న ఒక్కరికైనా సరే.

నువ్వు ఖమ్మంలో కొన్న పసుపు చేపల జతలో ఆడది పన్నెండు రోజులుగా మేత ముట్టలేదు. మగది ఎగబడి తింటుంటే ఇది రాయి వెనక నక్కి దవడలు ఆడిస్తూ ఉండేది. నేను శుక్రవారం ఉపవాస ప్రార్థనకు ఒక్కపూట మానేస్తేనే సాయంత్రానికి కళ్లు తిరుగుతాయి, ఇంత ప్రాణి ఎలా ఓర్చుకుంటోందో అనిపించేది. నీకేమో పరీక్షలు. భద్రాచలం కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే నా మేనల్లుడు ప్రభాకర్‌కు చూపించమని ఏడుస్తూ నాకు అప్పగించావు.

సరేనన్నాను. కానీ నా మనసులో ఉన్నది వేరు, అది కూడా రాసుకో. ఆఫ్రికాలోని ఒక పెద్ద సరస్సు జాతి ఇది అని నువ్వే చెప్పావు కదా. గాజు తొట్టి పడక చిక్కిపోతోంది, గోదావరిలో వదిలేస్తే బతికిపోతుంది, నీకు మాత్రం చచ్చిపోయిందని చెబుదాం అనుకున్నాను.

సోమవారం పొద్దున ఏడుంపావుకు బస్సు. మూతి వెడల్పున్న అయిదు లీటర్ల క్యానులో తొట్టి నీళ్లే సగం పోసి, సగం గాలికి వదిలి, మూతకు చిల్లులు పెట్టి, చుట్టూ తడిగుడ్డ చుట్టాను. ఆధార్ చూపిస్తే కండక్టరమ్మ నాకు ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ కొట్టి, ఒళ్లో ఉన్న క్యాను వంక చూసింది.

"ఏందవ్వా, పాలా?"

"చేప బిడ్డా. ఆఫ్రికాది."

"ఆడదా, మగదా?"

"ఆడదే."

"అయితే దాని ఆధార్ కూడా తియ్యి."

వెనక సీట్లవాళ్లు కూడా నవ్వారు. ఏన్కూరు, జూలూరుపాడు దాటి తొమ్మిదికి కొత్తగూడెం చేరాం. బస్టాండులో ఇడ్లీ, టీ నలభై రూపాయలు. చట్నీ పలచన, టీ చిక్కన. తొమ్మిదిన్నరకు భద్రాచలం బస్సు దొరికింది.

పాల్వంచలో ఖాళీ సత్తు గిన్నె చంకన పెట్టుకుని ఒకామె ఎక్కి నా పక్కన కూర్చుంది. పేరు ముత్తమ్మ. ఇంటాయన కిన్నెరసానిలో వలలు వేస్తాడట, ఈమె చేపలు అమ్ముతుందట. సారపాకలో ఉన్న చెల్లెలింటికి పోతోంది. తడిగుడ్డ పక్కకు లాగి క్యానులోకి తొంగిచూసింది.

"పెద్దమ్మా, దీని గొంతు చూసినవా? ఉబ్బి ఉన్నది."

"రోగమే బిడ్డా. పన్నెండు దినాలాయె తిండి లేక."

"రోగం లేదు, మన్ను లేదు. నోట్ల పిల్లలున్నయ్. మా జిలేబి చేప గిట్లనే పెట్టుకుంటది. ఫోన్ లైటు కొట్టు."

కొట్టాను. బస్సు కుదుపుకు చేప నోరు కాస్త విచ్చుకుంది. లోపల ఆవగింజల్లాంటి నల్లటి కళ్లు, ఒకటి కాదు, గుత్తులుగా! నా నోరు కూడా తెరుచుకునే ఉంది.

"మరి ఆకలికి మింగదా?"

"నువ్వు నీ పిల్లలను మింగినవా?" అని నవ్వింది ముత్తమ్మ.

నాకు ఎక్కడలేని సంతోషం వచ్చింది. "అయితే తల్లీపిల్లలను కలిపి గోదాట్ల ఇడిసిపెడత" అన్నాను.

ముత్తమ్మ నవ్వు ఆపేసింది. "ఆ పని చెయ్యకు పెద్దమ్మా. జిలేబి గూడ గట్లనే ఎక్కన్నుంచో వచ్చింది. మా అయ్య వల ఏస్తే పది తీర్ల చేపలు పడేటియి. ఇప్పుడు కొన్ని చెరువులల్ల వల తీస్తే అన్నీ అవ్వే."

"ఇది వేలంత లేదు, ఏం చేస్తది?"

"జిలేబి మాత్రం పుట్టుడు పుట్టుడే పెద్దగ పుట్టిందా?"

సారపాకలో దిగి, వంతెనకు ఇవతలే రేవుకు నడవాలని నా లెక్క. ముత్తమ్మ దిగింది. నేను సీటును అంటిపెట్టుకుని కూర్చున్నాను. బస్సు గోదావరి దాటింది.

పది యాభైకి భద్రాచలం, ఆటోకు ముప్పై రూపాయలు. ప్రభాకర్ చేపను చూడగానే ముత్తమ్మ మాటే అన్నాడు. ఖాళీ తొట్టిలో రాళ్లు పేర్చి, దాన్ని మెల్లగా వదిలాడు. చింతచిగురు పప్పుతో అన్నం తింటూ నా ఆలోచన చెప్పేశాను. తిట్టలేదు, ఈ చేప సొంతూరైన మలావి సరస్సు గురించి చెప్పాడు. అక్కడ భూమి చీలి, ఆ లోయలో నీళ్లు నిండాయట, లక్షల ఏళ్ల నాటి మాట. ఎప్పుడో చేరిన కొద్దిపాటి చేపల నుంచి వందల రకాలు పుట్టాయట. రాతి మీది పాచి గీరి తినేదానికి ఒక తీరు పళ్లు, నత్తలను నలిపేదానికి ఇంకో తీరు.

"ఒక్క నీళ్లల్ల ఉండి ఇన్ని తీర్లు ఎట్లయినయిరా?" అని అడిగాను.

"అత్తమ్మా, ఒక రాళ్లగుట్టకు, ఇంకో రాళ్లగుట్టకు నడుమ ఇసుక ఉంటది. ఇసుక మీదికొస్తే పెద్ద చేపలు తింటయని ఇవి దాటవు. ఎక్కడియక్కడ్నే జోడి కడతయ్, అది గూడ రంగు చూసి. గట్ల తరాలు గడిచేసరికి గుట్టకొక జాతి."

ములకలపల్లి అడవిలో వాగుకు ఈ ఒడ్డు గూడెం యాస, ఆ ఒడ్డు గూడెం యాస వేరుగా ఉండడం నాకు గుర్తొచ్చింది. అదే చెప్పాను. "అవ్, అసొంటిదే అనుకో" అన్నాడు.

తర్వాత ఇంకో మాట చెప్పాడు. ఆఫ్రికాలోనే మరో పెద్ద సరస్సులో మనుషులు బయటి పెద్ద చేపను వదిలారట. మంచికే అనుకున్నారట. ఆ సరస్సులో తప్ప ఎక్కడా లేని చిన్న చేపల రకాలు ఎన్నో మాయమైపోయాయట. లక్షల ఏళ్ల నీళ్లే తట్టుకోలేకపోయాయి. నేను మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి, లేచి తొట్టి దగ్గరికి వెళ్లాను.

రెండు రోజులకని వెళ్లినదాన్ని తొమ్మిది రోజులున్నాను. పొద్దున లేవగానే తొట్టి దగ్గరికే. ఎనిమిదో రోజు టీ చేత్తో పట్టుకుని చూస్తుండగా తల్లి నోరు తెరిచింది. ఒకటి, రెండు, ఆగి ఇంకో మూడు, మొత్తం పద్నాలుగు బయటికొచ్చి రాళ్ల సందుల్లోకి దూరాయి. చీపురు పుల్ల ముక్కంత లేవు, అప్పుడే పసుపు తిరిగాయి. మధ్యాహ్నం మేత వేస్తే తల్లి ఆబగా తింది. ఆ రోజు నేనూ ఒక ముద్ద ఎక్కువే తిన్నాను.

బుధవారం ఎనిమిది గంటల బస్సుకు బయల్దేరాను. ఒళ్లో తల్లి క్యాను, కాళ్ల మధ్య పిల్లల క్యాను. వంతెన మీద జనం గోదావరికి దండాలు పెట్టి రూపాయి బిళ్లలు విసురుతున్నారు. పక్క సీటులోని ముసలాయన క్యానులోకి చూశాడు.

"అయ్యో, గింత చిన్న పిల్లలు! గోదాట్ల ఇడువరాదా చెల్లే, పుణ్యమొస్తది."

"వీటికి పుణ్యమే అన్నా. గోదాట్ల ఉన్న చేపల సంగతేంది?" అన్నాను. కొత్తగూడెం వచ్చేదాకా ఆయనకు మలావి సరస్సు కథ మొత్తం చెప్పాను. దిగేముందు, "మంచి ఊరు చూసొచ్చినవ్" అన్నాడు. నేను ఆ సరస్సుకే పోయి వచ్చాననుకున్నట్టున్నాడు. కాదని చెప్పబుద్ధి కాలేదు.

పన్నెండింటికి తల్లాడలో దిగేసరికి నువ్వు పరీక్ష రాసొచ్చి, అట్ట చంకన పెట్టుకుని నిలబడి ఉన్నావు. "నానమ్మా, బతికుందా?" అన్నావు. చచ్చిపోయిందని నీకు చెబుదామనుకుని వెళ్లిన నేను, పద్నాలుగు పిల్లలు పుట్టాయని చెప్పాను.